నీలం గోడ

మా అక్క బొమ్మలు వేస్తుంది. ఆ బొమ్మల్లో బొమ్మలుండవు.

ఈ మాట చెప్పినప్పుడల్లా మా స్టాఫ్ రూములో ఎవరో ఒకరు నవ్వుతారు. నేను కొత్తపేటలో హైస్కూలు టీచరుని, నా పేరు సుప్రియ. "మరేముంటాయండీ టీచరుగారూ?" అని అడుగుతారు. రంగులుంటాయండీ అంటాను. "ఒఠ్ఠి రంగులేనా?" అని, సంతకెళ్ళి ఖాళీ సంచీతో తిరిగొచ్చిన మనిషిని చూసినట్టు నావేపు చూస్తారు. నేనూ వాళ్ళతోపాటు నవ్వేసి ఊరుకునేదాన్ని. కిందటేడు జరిగింది చూసేక నాకు నవ్వు రావడం మానేసింది.

అక్క పేరు రెబెకా. కొచ్చిలో, ఢిల్లీలో, బొంబాయిలో పెద్ద పెద్ద గ్యాలరీల్లో ఆవిడ బొమ్మలు పెట్టేరు. ఇంగ్లీషు పేపర్లలో ఫొటో వేసి రాసేరు. అమలాపురంలో మాత్రం ఆవిడ ఎవరని అడిగితే "లస్కరు దానం పెద్దకూతురు" అంటారు. అందులో తప్పేమీ లేదు. అక్కకి ఆ పరిచయమే ఇష్టం కూడాను.

మా నాన్న ఇరిగేషన్లో లస్కరు. రాజోలు వైపు కాలవ మీద లాకుల పక్కనే మా క్వార్టరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి పై ఆఫీసుకి కబురు చెయ్యడం నాన్న పని. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు నీళ్ళు దిగిపోయి లాకు గోడలు బయటపడేవి. పైన ఎండకి తెల్లబడిన రాయి, దాని కింద తుప్పు రంగు చార, దాని కింద ఎండిన పాకుడు, ఇంకా కిందకి నల్లటి పాకుడు, అట్టడుగున తడి ఆరని మట్టి. మా అందరికీ అది గోడ. అక్క మాత్రం ఎదురుగట్టు మీద గొంతుక్కూచుని చూస్తూ ఉండిపోయేది. అన్నానికి పిలిచినా కదిలేది కాదు.

ఇక మా అమ్మ ఎలీసమ్మ సంగతి వేరు. క్రిస్మస్ నెల రాగానే సున్నం నానేసేది. సున్నంలో రవ్వంత నీలిమందు కలిపితే గోడ తెల్లగా మెరుస్తుందని అందరికీ తెలుసు. మా అమ్మకి రవ్వంత అనే మాట తెలీదు. లాకుల దగ్గర క్వార్టర్లన్నీ తెల్లగా ఉంటే మాదొక్కటే నీలంగా ఉండేది. ఓసారి ఏఈగారు జీపు ఆపి "ఇదేం రంగయ్యా దానం?" అన్నారు. "ఆయ్, చెయ్యి జారిపోయిందండీ" అన్నాడు నాన్న. మా అమ్మ చెయ్యి ప్రతి యేడూ జారేది. ఆ నీలం ఆవిడకి ఇష్టం, అంతే. ఇష్టమని చెప్పుకునే అలవాటు ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో లేదు.

అక్క ఎనిమిదో తరగతిలో ఉండగా రాజోలులో స్కూళ్ళ పిల్లలకి బొమ్మల పోటీ పెట్టేరు. అంశం 'మా ఊరు'. పిల్లలంతా రెండు కొండల మధ్యనుంచి పొడుస్తున్న సూర్యుణ్ణి వేసేరు. కోనసీమ మొత్తం వెతికినా కొండన్నది లేదు. అయినా ప్రైజు కొండలకే వచ్చింది. అక్క కాగితం నిండా అడ్డంగా చారలు వేసింది. జడ్జీగారు దాన్ని పైకెత్తి అందరికీ చూపించి "ఈ అమ్మాయి బండార్లంక చీర అంచు వేసిందండీ" అన్నారు. అందరూ నవ్వేరు. అక్క ఇంటికొచ్చి ఆ కాగితం నాన్న చేతిలో పెట్టింది. నాన్న అటూ ఇటూ తిప్పి, "ఇది మన లాకు గోడ కదే?" అన్నాడు.

"కాదు నాన్నా. గోడ చూసేక వేసింది."

నాన్నకి అర్థం కాలేదు. కానీ అన్నం మెతుకులతో దాన్ని మంచం పక్క గోడకి అంటించేడు.

తర్వాత అక్క విశాఖపట్నంలో ఫైన్ ఆర్ట్స్ చదివింది. అక్కడ లైబ్రరీలో విదేశాల పుస్తకాలు తిరగేసి, ఒట్టి రంగులతోనే బతికినవాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారని తెలుసుకుని, బూత్ నుంచి ఫోను చేసి పగలబడి నవ్వింది. "నాలాంటి పిచ్చోళ్ళు చాలామందే ఉన్నారే" అంది. అదేం చిత్రమో, ఇప్పటికీ అక్క గురించి రాసేవాళ్ళు ఆ పుస్తకాల్లో వాళ్ళని చూసే నేర్చుకుందని రాస్తారు. లేకపోతే ఇంకోటి రాస్తారు. హైదరాబాదులో ఆవిడ మొదటి పెద్ద ప్రదర్శనకి వేసిన పుస్తకంలో 'ఆకలీ అవమానమూ ఈమె కుంచెకి గురువులు' అని ఒకాయన రాసేరు. అక్క ఆయనకి ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఆకలి ఎక్కడిదండీ? మా నాన్నది గవర్నమెంటు ఉద్యోగం. చేపల పులుసు పోసుకుని కడుపునిండా తిని పెరిగేం."

"అంటే మీ ఒక్కరనీ కాదు మేడమ్, మీ వర్గం అనుభవం..." అన్నాడాయన.

"ఇంకెవరైనా పసుపు వేస్తే మీరు పసుపు గురించి రాస్తారు. నేను పసుపు వేస్తే మా తాతముత్తాతల గురించి రాస్తారేం?" అని అడిగింది. పుస్తకంలో ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది.

నాలుగేళ్ళ కిందట అక్క హైదరాబాదు వదిలేసి అమలాపురం వచ్చేసింది. ఎందుకొచ్చేసేవే అంటే "అక్కడ గోడలన్నీ పొడిగా ఉంటాయి" అంది. ఊరి చివర పాత ధాన్యం గోడౌను అద్దెకి తీసుకుని అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే పని. పెళ్ళి చేసుకోలేదు. అదేమిటని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

కిందటేడు ఊళ్ళో దాతలంతా కలిసి కొత్త ఆడిటోరియం కట్టేరు. కమిటీకి ప్రెసిడెంటు మంగరాజుగారు. కొబ్బరి వ్యాపారం, పొలాలు, ఊళ్ళో మంచి పేరు ఉన్న మనిషి. సెక్రటరీ ఆంజనేయప్రసాద్‌గారు, రిటైరైన లెక్చరరు. ఇద్దరూ కలిసి అక్క గోడౌనుకొచ్చి, ఆడిటోరియంలోకి అడుగుపెట్టగానే ముందుహాల్లో ఎదురుగా కనపడే గోడ ఉందే, దానిమీద మీ బొమ్మ ఉండాలమ్మా అని అడిగేరు. "మన ఊరి బిడ్డ ఢిల్లీ దాకా వెళ్ళింది. మనం గౌరవించుకోకపోతే ఎవరు గౌరవిస్తారు?" అన్నారు మంగరాజుగారు. అక్క చాలా సంతోషించింది. ఊరు ఆవిణ్ణి పనికి పిలవడం అదే మొదటిసారి.

వానలు పడుతున్నన్నాళ్ళూ పరంజా మీదే ఉంది. అంజిబాబు అని, ఇళ్ళకి రంగులేసే పెయింటరు, లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి గోడ తయారుచేసి ఇచ్చేడు. ఆ పైన అంతా అక్కే. ఎడమవైపు కావి, పసుపు చారలు, పైన మాసిన తెలుపు, మధ్యలో గోడలో సగం ఆక్రమించి పెద్ద నీలం. ఒక్క నీలం కాదది. పల్చగా, ఒకదాని మీద ఒకటి ఎన్నో పొరలు. ఎదురుగా నిలబడితే కాసేపటికి ఊపిరి నెమ్మదించేది. నేను బడి అయ్యేక బస్సెక్కి వెళ్ళి చూసేదాన్ని.

మంగరాజుగారింటి నుంచి ఫ్లాస్కులో టీ వచ్చేది. ఆయన భార్య వీరవేణిగారు ఒక్కోసారి తనే తెచ్చి, అక్క కిందకి దిగేదాకా కూర్చుని గోడని చూసేవారు. మంగరాజుగారు మాత్రం "ఓ మూల ఒక్క కొబ్బరిచెట్టు ఉంటే బాగుండేదమ్మా" అనేవారు. "కిటికీలోంచి బోలెడు కనపడతన్నాయి కదండీ" అనేది అక్క. ఇద్దరూ నవ్వుకునేవారు.

ప్రారంభోత్సవం దగ్గర పడుతుండగా ఎవరో గోడ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేరు. 'ఇది ఆడిటోరియమా, పార్టీ ఆఫీసా?' అని రాసేరు. దాని కింద ఇంకొకరు 'పేటలో కట్టేరనుకున్నారేమో' అని రాసేరు. పేటంటే ఊరికి ఎడంగా మా వాళ్ళుండే చోటు. ఒక్క పూటలో ఆ ఫొటో మా స్టాఫ్ రూముకి కూడా వచ్చేసింది. నేను గదిలోకి రాగానే అందరూ ఫోన్లు బల్లమీద బోర్లా పెట్టేరు.

మర్నాడు సాయంత్రం అక్కని కమిటీ గదికి రమ్మన్నారు. నేనూ వెళ్ళేను.

"రండమ్మా, కూర్చోండి. సుప్రియగారూ, మీరూ కూర్చోండి. మజ్జిగ తీసుకుంటారా?" అన్నారు మంగరాజుగారు. ప్రసాద్‌గారు గొంతు సవరించుకున్నారు.

"గోడ బ్రహ్మాండంగా వచ్చిందండీ రెబెకాగారూ. అందులో రెండో మాట లేదు. కాకపోతే ఆ రంగు..."

"ఏ రంగండీ?"

"అదేనండీ. మధ్యలో ఉందే, ఆ పెద్దది."

"నీలమా?"

"ఆయ్."

"దానికేమైందండీ?"

"ఏమీ అవలేదండీ. కొంచెం ఎక్కువైందని అందరూ అంటన్నారు."

"అందరూ అంటే ఎవరండీ?"

"అందరూనండీ."

మంగరాజుగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "చూడమ్మా, జిల్లా పేరు మార్చినప్పుడు మన ఊళ్ళో ఎంత గొడవ జరిగిందో మీకు తెలీంది కాదు. ఇప్పుడిప్పుడే కుదుటపడింది. మళ్ళీ ఎందుకు? ఆ నీలం తీసేసి ఆకుపచ్చ వేసేయండి. కోనసీమంటేనే పచ్చదనం కదా. అందరికీ బాగుంటుంది."

"ఆ గొడవకీ నా నీలానికీ సంబంధం ఏమిటండీ?" అంది అక్క.

ప్రసాద్‌గారు మజ్జిగ గ్లాసులు మా ముందుకి జరిపేరు.

"నీలం చూస్తే మీకేం గుర్తొస్తోంది?"

"మాకేం గుర్తురావట్లేదమ్మా. చూసేవాళ్ళకి గుర్తొస్తుందని."

"చూసేవాళ్ళకి ఏం గుర్తొస్తుందో ఆ మాట అనండి. విని వెళ్ళిపోతాను."

"అన్నీ నోటితో చెప్పుకోవాలా అండీ?" అన్నారు ప్రసాద్‌గారు, ఎంతో మర్యాదగా.

మా వైపు మర్యాద అంత పని చేస్తుంది. అండీ అని పిలుస్తారు, కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇస్తారు. మీరు ఫలానా అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. అది మన చెవిలో మనమే చెప్పుకుని, తల దించుకుని వెళ్ళిపోవాలి. అప్పుడు అందరూ మంచివాళ్ళుగానే మిగిలిపోతారు.

నాకు ఉక్రోషం ఆగలేదు. "అది మా అమ్మ సున్నంలో కలిపే నీలిమందండీ! చిన్నప్పట్నుంచీ మా ఇల్లు ఆ రంగే" అని గట్టిగా అనేసేను. అనగానే ప్రసాద్‌గారి మొహం వెలిగిపోయింది.

"ఎంత చక్కటి విషయం చెప్పేరండీ! అయితే అదే బోర్డు రాయించి పక్కన పెడదాం. ఇది అమ్మగారి నీలిమందు రంగు అని. ఎవరికీ అనుమానాలుండవు."

అక్క లేచి నిలబడింది. ఆవిడ గొంతు పెరగలేదు.

"నేను ఆకుపచ్చ వేసి ఉంటే ఆ పచ్చ ఎక్కణ్ణుంచొచ్చిందని అడుగుదురా? మీ ఇంటికి గులాబీ రంగు వేయించేరు కదా మంగరాజుగారూ, గేటుకి బోర్డు పెట్టేరా, ఇది ఎవరి గులాబీయో? నా రంగుకి మాత్రం నేను సాక్షుల్ని తేవాలి. మా అమ్మని తెచ్చి నిలబెట్టాలి, ఈ నీలం మంచిదేనండీ అని చెప్పించడానికి. ఆవిడ చచ్చిపోయిందండీ. రాదు." ఊపిరి తీసుకుని అంది: "రంగు మార్చను. మీరూ ముట్టుకోకండి."

మజ్జిగ గ్లాసులు అలాగే వదిలేసి వచ్చేసేం.

ఆ ఆదివారం చర్చి అయ్యేక మా చిన్నాన్న కొడుకు ప్రవీణ్ కుమార్ గోడౌనుకొచ్చేడు. యువజన సంఘం నడుపుతాడు. ఒంటి మీద నీలం కండువా. "అక్కా, అంతా తెలిసింది. ధర్నాకి కుర్రాళ్ళంతా రెడీగా ఉన్నారు. నువ్వొక్క మాట చెప్పు, అది మన జెండా రంగేనని."

"కాదురా తమ్ముడూ."

"కాదంటే ఎలాగ? వాళ్ళు అదేనని కదా తీయించేస్తన్నది!"

"వాళ్ళన్నారని నేనూ అదే అనాలా? నేను జెండా వెయ్యాలనుకుంటే జెండాయే వేద్దును. వేసి, జెండాయే వేసేనని మొహం మీదే చెబుదును. భయపడి కాదనట్లేదు."

ప్రవీణ్ మొహం ఎర్రబడింది. "నువ్వు ఢిల్లీ వెళ్ళినా, ఎక్కడికెళ్ళినా, నువ్వెవరో వాళ్ళకి తెలుసక్కా. నీకే తెలీట్లేదు" అన్నాడు.

"నాకు తెలీకపోవడం ఏమిట్రా?" అని అరిచింది అక్క. "పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసీ ఒక రంగుని రంగులా వేసుకునే హక్కు నాకుందా లేదా? వాళ్ళూ లేదంటారు, నువ్వూ లేదంటావు!"

వాడు విసురుగా వెళ్ళిపోయేడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఈ తగువు మా ఇంట్లోకి తెచ్చిపెట్టినవాళ్ళు హాయిగా వాళ్ళిళ్ళల్లో భోజనాలు చేస్తున్నారు.

నాలుగు రోజులు గడవకుండానే, పొద్దున్నే నేను బడికి తయారవుతుంటే అంజిబాబు ఫోను చేసేడు. "టీచరుగారూ, మన గోడ మీద వేరే రంగు కొట్టేస్తన్నారండీ. నన్ను రమ్మన్నారు, నేను రానని చెప్పేసేను. రావులపాలెం నుంచి ఎవరినో తెచ్చేరు."

మేం వెళ్ళేసరికి సగం గోడ మీగడ రంగైపోయింది. ఇద్దరు కుర్రాళ్ళు పొడుగాటి రోలర్లతో పైనుంచి కిందకి లాగుతున్నారు. మంగరాజుగారు అక్కడే ఉన్నారు. మమ్మల్ని చూసి ఎదురొచ్చేరు.

"అమ్మా, బాధపడకండి. కమిటీ అంతా కలిసి అనుకున్నది. మీ కష్టం ఎక్కడికీ పోదు. అదిగో చూడండి, మీ పేరు రాయించేం."

గుమ్మం పక్కన నల్లరాతి మీద దాతల పేర్ల కింద బంగారు అక్షరాలతో 'కుడ్యచిత్రం: శ్రీమతి రెబెకా' అని ఉంది. శ్రీమతి కూడా వాళ్ళే తగిలించేరు.

"ఈ మీగడ రంగుకా నా పేరు?" అంది అక్క.

"ఆయ్, ఖాళీగా ఎందుకుంచుతామమ్మా? కొబ్బరిచెట్లు, గోదావరి, ఓ పడవ, గుడి గోపురం... మణికంఠ అని సినిమా సెట్టింగులకి పని చేసిన కుర్రాడున్నాడు, వేసేస్తాడు. పేరు మాత్రం మీదే ఉంటుంది. ఢిల్లీ నుంచి కూడా అతిథులొస్తన్నారు. మీ పేరుంటే మన ఊరికి గౌరవం కదా."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అక్కకి మేలు చేస్తున్నాననుకుంటున్నారు. నా గుండెల్లో మంట పెట్టింది అదే. ఆవిడ చేసిన పని వద్దు, ఆవిడ పేరు కావాలి. పేరుకి ఢిల్లీ వాసనుంది. పనికి పేట వాసనుంది.

అక్క గోడ దగ్గరకెళ్ళింది. మీగడ రంగు కిందనుంచి నీలం ఇంకా కనబడుతోంది. రోలరు పట్టుకున్న కుర్రాడు భయంగా ఆగిపోయేడు. "ఒక కోటుకి ఆగదు బాబూ అది. మూడు కోట్లైనా వెయ్యాలి" అని చెప్పి, బయటికి నడిచింది.

ప్రారంభోత్సవానికి అక్క వెళ్ళింది. వెళ్ళొద్దని నేను బతిమాలేను. "పేరు వేసి పిలిచేరు కదే, వెళ్ళకపోతే మర్యాద కాదు" అంది. మామూలు నేతచీర కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. బయట ముందుహాల్లో గోడ మీద కొబ్బరిచెట్లు వంకరగా ఊగుతున్నాయి. పడవ నీళ్ళకి పైన ఉంది. వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు.

ఉపన్యాసాలయ్యేక "అంతర్జాతీయ ఖ్యాతి గాంచిన చిత్రకారిణి, మన ఆడపడుచు" అని ప్రసాద్‌గారు అక్కని వేదిక మీదకి పిలిచేరు. మంగరాజుగారు శాలువా విప్పేరు. అక్క చెయ్యి అడ్డం పెట్టి, మైకు దగ్గరకెళ్ళింది.

"బయట గోడ మీదున్నది నేను వెయ్యలేదండీ. నేను వేసింది దాని కిందుంది. రెండు నెలలు వేసేను. అందులో నీలం ఎక్కువైందని కప్పేసేరు. ఎందుకు ఎక్కువైందో చెప్పమని అడిగితే ఈ పెద్దలిద్దరూ చెప్పలేదు. చాలా మర్యాదస్తులు. వాళ్ళ తరఫున నేనే చెబుతాను. అది మాలోళ్ళ రంగట. అంతే కదండీ ఆ మాట? ఇంత చిన్న మాట అనడానికి మీకు నోరు రాలేదు. గోడ చెరపడానికి చెయ్యి మాత్రం వచ్చింది."

హాల్లో ఒక్కసారి గొడవ మొదలైంది. "కూర్చోమనండి!" అని ఎవరో అరిచేరు. "మాట్లాడనివ్వండి!" అని వెనకనుంచి ప్రవీణ్ గొంతు. అక్క ఆగలేదు.

"ఆకాశం కూడా ఆ రంగే. సముద్రం ఆ రంగే. వాటికేం వేస్తారో వెయ్యండి. నా పేరు మాత్రం ఆ రాతి మీంచి తీసెయ్యండి. దొంగ బొమ్మకి నా పేరు పెట్టుకుని మీరు..."

మైకు ఆగిపోయింది. తీగ లాగేసేరు. అక్క ఇంకా ఏదో అంటోంది గానీ మూడో వరస దాటి వినపడలేదు. మెట్లు దిగి, మధ్య దారిలోంచి నడిచి బయటికొచ్చేసింది. వెనక్కి చూస్తే మాతోపాటు ప్రవీణూ వాడి స్నేహితులూ అంజిబాబూ, ఎవరో తెలియని ముసలాయన ఒకరూ వచ్చేరు. హాలు నిండా జనం. మేం ఒక్క ఆటోకి కొంచెం ఎక్కువ, అంతే.

మర్నాడు పేపర్లో 'వేదికపై చిత్రకారిణి అనుచిత ప్రవర్తన' అని వేసేరు. గోడ చెరిపేసిన సంగతి ఒక్క ముక్క లేదు. స్టాఫ్ రూములో లెక్కల టీచరు విజయదుర్గగారు నా పక్కన కూర్చుని మెల్లిగా, "మీ అక్కయ్యగారు కాస్త ఓపిక పట్టాల్సిందండీ" అన్నారు.

ఓపిక! మా అమ్మ తనకిష్టమైన రంగుని చెయ్యి జారిందని చెప్పుకుని బతికింది. మా నాన్న ఆయ్ ఆయ్ అంటూ రిటైరయ్యేడు. అక్క పదమూడో యేట నలుగురిలో నవ్వులపాలై ఇంటికొచ్చింది. ఇంకా ఎంత ఓపిక కావాలండీ మీకు, అని అడిగేను. ఆవిడ లేచి వెళ్ళిపోయేరు. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

కాకినాడలో ఒక లాయరుగారు అక్క తరఫున కమిటీకి నోటీసు పంపేరు. తాను వెయ్యని బొమ్మకి తన పేరు పెట్టడం చట్టం ఒప్పదని రాసేరు. వాళ్ళు జవాబివ్వలేదు. కొన్నాళ్ళకి రాతి మీద ఆ వరస మాత్రం గ్రైండరుతో గీకేసేరు. అక్కడ ఇప్పుడు తెల్లటి గీరుడు కనపడుతుంది. కొబ్బరిచెట్లు అలాగే ఉన్నాయి. అక్క గెలిచిందని ప్రవీణ్ స్వీట్లు తెచ్చేడు. వాడికీ అక్కకీ మాటలు కలిసేయి, వాదన మాత్రం తెగలేదు.

గెలిచిందో లేదో గోడౌనులోకెళ్ళి చూస్తే తెలిసేది. అక్క కుంచె పట్టుకోవడం మానేసింది. కేన్వాసు బిగించేది, ఎదురుగా కూర్చునేది, సాయంత్రానికి లేచి వెళ్ళిపోయేది. "నీలం డబ్బా మూత తీస్తే ఆ గదిలో వాళ్ళ గొంతులు వినపడతన్నాయే" అని ఓ రోజు నాతో అంది. "ఎవరికేం గుర్తొస్తుందో అని ముందే ఆలోచిస్తన్నాను. జన్మలో ఎప్పుడూ అలా ఆలోచించలేదు." గోడ పోతే ఇంకో గోడ దొరుకుతుంది. వాళ్ళు తీసుకుపోయింది ఇదీ. దీనికి ఏ లాయరు నోటీసు పంపగలడు?

ఈ యేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఓ శనివారం మధ్యాహ్నం నేను అక్క దగ్గరుండగా వాకిట్లో ఆటో ఆగింది. వీరవేణిగారు దిగేరు. ఒక్కరే వచ్చేరు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడ్డారు. నేను స్టూలు వేసేను.

"నేను వచ్చినట్టు ఆయనకి తెలీదండీ" అన్నారు.

"ఆ గోడ నాకు చాలా నచ్చిందండీ. ఎందుకో చెప్పలేను. దాని ఎదురుగా కూర్చుంటే ఇంట్లో సంగతులేవీ గుర్తొచ్చేవి కావు. అది పోయేక నాకు నిద్ర పట్టలేదు." ఆవిడ చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటున్నారు. "చిన్నది... అలాంటిదే చిన్నది ఒకటి నాకు వేసిస్తారా? మా ఇంట్లో పెట్టుకుంటాను."

అక్క మొహం కొంచెం మారింది. చాన్నాళ్ళ తర్వాత ఆ కళ్ళలో ఆసక్తి చూసేను.

"ఇంట్లో ఎక్కడ పెడతారండీ?" అని అడిగింది. "హాల్లోనా?"

వీరవేణిగారు వేళ్ళకి చుట్టిన కొంగు విప్పేసుకున్నారు.

"లోపలి గదిలోనండీ" అన్నారు.

"అయితే వెయ్యనండీ" అంది అక్క.

గట్టిగా అనలేదు, విసురుగా అనలేదు. ఆవిడ తల ఊపి, లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేరు. ఆటో మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలో నిలబడింది.

"పాపం, ఆవిడేం చేసింది? ఒక్కర్తీ ధైర్యం చేసి వచ్చింది కదే" అన్నాను.

"హాల్లో పెడతానని ఒక్క మాట అంటే ఊరికే వేసిచ్చేదాన్ని" అంది అక్క. "దొంగచాటుగా నచ్చడం ఇక నాకొద్దు."

వీరవేణిగారు మళ్ళీ రాలేదు. అక్క మాత్రం ఆ సోమవారం పరంజా కర్రలు దింపించి, గోడౌను తలుపులు తీస్తే రోడ్డు మీదకి కనపడే లోపలి గోడకి, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, లప్పం పెట్టమని అంజిబాబుకి చెప్పింది.